డిలీట్ చేసిన వేధింపు మెసేజ్ ఎక్కడికి పోతుంది, ఎంతవరకు తిరిగొస్తుంది

రాత్రి పదకొండు దాటాక ఫోన్ వరసగా మోగుతూ ఉంటుంది. క్లాసువాళ్ళే పెట్టిన ఒక గ్రూపులో ఆ అమ్మాయిని ఎవరో చేర్చారు, తెరిచి చూస్తే తన ఫొటో, దాని కింద నోటితో అనలేని మాటలు, వాటికి జవాబుగా నవ్వే బొమ్మలు. తెల్లారేదాకా నిద్రపట్టదు. పొద్దున ధైర్యం చేసి ఇంట్లో చెబితే అమ్మ అనే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అదంతా డిలీట్ చేసెయ్ తల్లీ, వాళ్ళని బ్లాక్ చేసెయ్, మళ్ళీ చూడకు." ప్రేమతోనే అంటుంది. కానీ పది రోజుల తర్వాత స్కూల్లోనో పోలీసుల దగ్గరో "ఏమన్నారు, ఎప్పుడన్నారు, చూపించండి" అని అడిగినప్పుడు చూపించడానికి ఉండాల్సిన అన్నిటికంటే గట్టి ఆధారం ఆ ఒక్క పనితో పోతుంది.

పోయిన మెసేజ్ గురించి జనంలో రెండు నమ్మకాలున్నాయి. ఒకటి, "ఫోన్‌లోకి వచ్చింది ఎప్పటికీ పోదు, ల్యాబ్‌వాళ్ళు ఏదైనా లాగేస్తారు" అన్నది. రెండోది, "ఎన్‌క్రిప్షన్ ఉంది కదా, డిలీట్ చేస్తే ఇక ఎవరి తరమూ కాదు" అన్నది (ఎన్‌క్రిప్షన్ అంటే తాళంచెవి ఉన్నవాళ్ళే చదవగలిగేలా రాతని మార్చి దాచడం). మొదటిది నమ్మినవాళ్ళు తీరిగ్గా కూర్చుంటారు, రెండోది నమ్మినవాళ్ళు ఆశ వదిలేసుకుంటారు. నిజం ఈ రెంటి మధ్యలో ఉంది, అదెక్కడుందో తెలియాలంటే మెసేజ్ ఫోన్‌లో ఏ రూపంలో ఉంటుందో కాస్త లోపలికి వెళ్ళి చూడాలి.

మనం స్క్రీన్ మీద చూసే పచ్చ, తెల్ల బుడగలు అలంకారం మాత్రమే. లోపల ఉండేది ఒక డేటాబేస్ ఫైల్. వాట్సాప్ గానీ, టెలిగ్రామ్ గానీ, సిగ్నల్ గానీ, ఫోన్‌లో సంభాషణలు దాచుకోవడానికి ఎక్కువ యాప్‌లు వాడేది ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ పద్ధతి. 2000లో రిచర్డ్ హిప్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్ ఈరోజు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ ఉంది. ఒక్కో మెసేజ్ అందులో ఒక్కో వరస: ఎవరి నుంచి వచ్చింది, ఏ చాట్‌లో, ఏ క్షణంలో, ఏమని రాశారు, దానికి ఫొటో ఏదైనా తగిలించారా, ఇది వేరే మెసేజ్‌కి జవాబా. ఆ వరసలన్నీ పేజీల్లో సర్ది ఉంటాయి, మామూలుగా ఒక్కో పేజీ 4096 బైట్లు (బైట్ అంటే కంప్యూటర్ రాతని కొలిచే చిన్న ప్రమాణం).

ఇప్పుడు మీరు ఒక మెసేజ్‌ని డిలీట్ చేశారనుకోండి. డేటాబేస్ ఆ వరసని రబ్బరుతో తుడవదు. "ఈ జాగా ఖాళీ, తర్వాత ఎవరికైనా వాడుకోవచ్చు" అని గుర్తు పెట్టి వదిలేస్తుంది. ఆ గుర్తు ఎలా పెడుతుందో చూస్తే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. ఖాళీ అయిన జాగా మొదటి నాలుగు బైట్లలో రెండు సంఖ్యలు రాస్తుంది: తర్వాతి ఖాళీ జాగా ఎక్కడుంది, ఈ జాగా సైజు ఎంత. అంతే. అంటే మెసేజ్ తల భాగంలో కొంచెం చెదిరిపోతుంది, మిగతా ఒళ్ళంతా అలాగే పడి ఉంటుంది. "నువ్వు" అనే మాట తీసుకోండి. కంప్యూటర్ లెక్కలో అది ఆరు గుర్తులు, తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18 బైట్లు. ఆ 18 బైట్లు ఆ పేజీలో చెక్కుచెదరకుండా ఉంటాయి, పైకి మాత్రం ఏ యాప్‌కీ కనిపించవు. ఫోరెన్సిక్ పనివాళ్ళు, అంటే దర్యాప్తు కోసం ఆధారాలు వెలికితీసేవాళ్ళు, ఫైల్‌ని బైట్లుగా తెరిచి, ఈ ఖాళీ జాగాల్లో వెతికి, తల భాగాన్ని చుట్టుపక్కల వరసల పోలికతో తిరిగి కట్టి, మెసేజ్‌ని బయటికి తీస్తారు. 2016లో జొనాథన్ జియార్‌స్కీ అనే ఐఫోన్ భద్రతా పరిశోధకుడు వాట్సాప్‌లో చాట్‌లు చెరిపేశాక కూడా వాటి ఆనవాళ్ళు డేటాబేస్‌లో మిగిలిపోతున్నాయని చూపించింది ఈ కారణం వల్లే.

అయితే ఆ ఖాళీ జాగా ఎంతకాలం ఖాళీగా ఉంటుంది? అదే అసలు ప్రశ్న. బంధువుల గ్రూపులో శుభోదయం బొమ్మలు, ఆఫీసు గ్రూపులో పొడుగాటి చర్చలు, ఇలా కొత్త మెసేజ్‌లు వస్తున్నకొద్దీ డేటాబేస్ ఆ ఖాళీల్లోనే వాటిని సర్దుతుంది. బాగా వాడే ఫోన్‌లో అది గంటల్లో జరగొచ్చు, మూల పడేసిన ఫోన్‌లో నెలలపాటు జరగకపోవచ్చు. పైగా కొన్ని యాప్‌లు డిలీట్ చేసిన జాగాని సున్నాలతో నింపే సెట్టింగ్ పెట్టుకుంటాయి, అప్పుడు అక్కడ ఏమీ మిగలదు. కొన్ని అప్పుడప్పుడు డేటాబేస్ మొత్తాన్ని కుదించి కొత్తగా రాసుకుంటాయి, దాంతో పాత ఖాళీలన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అందుకే "ఎన్ని రోజుల్లోపు అయితే తీయగలరు?" అన్న ప్రశ్నకి నిజాయితీపరుడైన నిపుణుడు ఎవరూ ఒక అంకె చెప్పరు. చెప్పేవాళ్ళుంటే అనుమానించండి.

డేటాబేస్ పక్కనే ఇంకో చిన్న ఫైల్ కూడా ఉంటుంది, చిత్తు పుస్తకం లాంటిది. కొత్త మార్పులన్నీ ముందు అందులో రాసి, మామూలుగా ఒక వెయ్యి పేజీలు పోగయ్యాక అసలు ఫైల్‌లో కలుపుతుంది. ఇవాళ పొద్దున వచ్చి మధ్యాహ్నం చెరిపేసిన మెసేజ్ అసలు ఫైల్‌కి చేరకుండా ఈ చిత్తులోనే దొరికిన సందర్భాలు ఫోరెన్సిక్ పనిలో మామూలే. ఇక్కడే తెలియనివాళ్ళు పెద్ద తప్పు చేస్తారు: డేటాబేస్‌ని కాపీ చేసుకోకుండా నేరుగా ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌తో తెరుస్తారు, అది బుద్ధిగా చిత్తుని అసలులో కలిపేసి చిత్తుని ఖాళీ చేస్తుంది. చూద్దామని తెరిచిన పాపానికి ఆధారం చెరిగిపోయింది. ల్యాబ్‌లో ముందు ఈ ఫైళ్ళన్నిటినీ కలిపి ఒకేసారి కాపీ తీసి, ఆ కాపీ మీదే పని చేస్తారు.

ఇంతవరకు చెప్పింది ఒక ఫైల్ లోపల ఒక వరస చెరిపేస్తే ఏమవుతుందన్నది. ఫైల్ మొత్తాన్నే చెరిపేస్తే, అంటే యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తేనో ఫోన్‌ని రీసెట్ చేస్తేనో, కథ పూర్తిగా వేరు. పాత రోజుల్లో మెమరీ చిప్‌ని నేరుగా చదివి పోయిన ఫైళ్ళని ఏరుకునేవాళ్ళు. ఇప్పుడు ఐఫోన్‌లో ప్రతి ఫైల్‌కీ దానిదైన తాళంచెవి ఉంటుంది, ఆండ్రాయిడ్‌లో 2016లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఫైళ్ళని విడివిడిగా ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి మొదలైంది, తర్వాత కొత్త ఫోన్లన్నిటికీ తప్పనిసరి అయింది. ఫైల్ పోతే దాన్ని తెరిచే దారి కూడా పోతుంది. చిప్‌లో ఇంకా ఏవో బైట్లు మిగిలినా అవి అర్థంలేని చెత్త. వాటిని కూడా ఫోన్ తన ఖాళీ వేళల్లో శుభ్రం చేసుకుంటుంది. కాబట్టి ఒక మెసేజ్ చెరిపేసినవాళ్ళకి ఆశ ఉంది, చాట్ మొత్తం చెరిపేసినవాళ్ళకి కొంత ఉంది, యాప్‌నే పీకేసినవాళ్ళకి ఆ ఫోన్ లోపల దాదాపు లేదు. కోపంలోనో భయంలోనో ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేసే పిల్లలున్నారు. ఈ తేడా వాళ్ళకి ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

ఆ ఫోన్‌లో లేకపోతే ఎక్కడా లేనట్టు కాదు. చాట్ అనేది ఎప్పుడూ ఒక్కచోట ఉండదు, దాని నకళ్ళు మనకి తెలియకుండానే నాలుగైదు చోట్ల ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ రోజూ తెల్లవారుజామున రెండింటికి ఫోన్‌లోనే ఒక బ్యాకప్ తీసుకుంటుంది, చివరి ఏడు రోజులవి ఉంచుతుంది. నిన్న రాత్రి చెరిపేసిన చాట్ మొన్నటి బ్యాకప్‌లో ఉండే అవకాశం బాగా ఉంది. ఫోన్ స్టోరేజ్‌లో వాట్సాప్ ఫోల్డర్ లోపల "డేటాబేసెస్" అనే ఫోల్డర్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుంటే చాలు, ఆ ఏడు రోజులూ మీ చేతిలో ఆగుతాయి. ఆ ఫైళ్ళు తాళం వేసి ఉంటాయి, ఇంట్లో తెరవలేరు, ఫరవాలేదు, తాళంచెవి ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి ల్యాబ్‌వాళ్ళు తర్వాత చూసుకుంటారు. గూగుల్ ఖాతాలోకో ఐక్లౌడ్‌లోకో వెళ్ళే వాట్సాప్ బ్యాకప్ విషయంలో మాత్రం జాగ్రత్త: అక్కడ కొత్తది వస్తే పాతదాని మీదే కూర్చుంటుంది. డిలీట్ చేశామని గుర్తొచ్చిన క్షణంలో చేయాల్సిన మొదటి పని, ఆ ఆటోమేటిక్ బ్యాకప్‌ని ఆపేయడం. ఇది చాలామందికి తట్టదు, ఆ రాత్రి బ్యాకప్ తనంతట తాను జరిగిపోయి, మెసేజ్‌లు లేని చాట్ మెసేజ్‌లున్న చాట్‌ని మింగేస్తుంది.

ఇంకో పొరపాటు, యాప్ తీసేసి మళ్ళీ వేసుకుని బ్యాకప్ నుంచి తెచ్చుకుందామనుకోవడం. అది పని చేయొచ్చు కూడా, కానీ ఉన్న ఒక్క ఫోన్ మీద చేస్తే ఇప్పటి డేటాబేస్, దానిలోని ఖాళీ జాగాలు, చిత్తు అన్నీ పోతాయి, బ్యాకప్ తర్వాత వచ్చిన మెసేజ్‌లూ పోతాయి. కాపీలు తీసి పక్కన పెట్టుకోకుండా ఈ ప్రయోగం వద్దు.

గ్రూపులో జరిగిన వేధింపు అయితే ఇంకా దారులున్నాయి, అవే అన్నిటికంటే సులువైనవి. గ్రూపులో నలభై మంది ఉంటే నలభై ఫోన్లలో ఆ మాటలున్నాయి. అందులో ఒక్కరైనా మనసున్నవాళ్ళుంటారు. ఏ ల్యాబ్ అవసరం లేకుండా, వాళ్ళ ఫోన్‌లో చాట్ అలాగే ఉంటుంది, పైగా ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఒకే మాట ఒకే నిమిషంలో కనిపిస్తే దాన్ని "కల్పించారు" అనడం ఎవరికీ అంత సులువు కాదు. కంప్యూటర్లో తెరిచి పెట్టిన వాట్సాప్, ఇంట్లో వాడే ట్యాబ్, పాత ఫోన్ కూడా చూడాలి.

పంపినవాడే "అందరికీ డిలీట్" నొక్కేస్తే? వాట్సాప్‌లో 2017లో ఈ సదుపాయం వచ్చినప్పుడు ఏడు నిమిషాల గడువు ఉండేది, 2022 నుంచి రెండు రోజులు దాటి గడువిచ్చారు. అంటే రాత్రి తిట్టి, పొద్దున భయం వేసి వెనక్కి తీసుకోవడానికి కావలసినంత సమయం. అలా తీసేసినప్పుడు మన ఫోన్‌లో అక్షరాలు పోతాయి గానీ వరస పోదు, ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, దాన్ని తొలగించారు అన్నవి మిగులుతాయి. ఎవరైనా ఆ మెసేజ్‌ని కోట్ చేస్తూ జవాబిచ్చి ఉంటే, కోట్ చేసిన మాటలు ఆ జవాబులో చాలాసార్లు అలాగే ఉండిపోతాయి. గడువు తీరాక మాయమయ్యే మెసేజ్‌ల విషయంలోనూ ఇంతే, కోట్ చేసిన భాగం ఉండిపోవచ్చని వాట్సాపే చెబుతుంది. మనం "ఎందుకిలా అంటున్నావ్?" అని బాధతో ఇచ్చిన ఒక జవాబు తర్వాత సాక్ష్యమవుతుందన్నమాట. ఇక ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ల చరిత్ర అనే సెట్టింగ్ ఉంది, అది ముందే ఆన్ చేసి ఉంటే గత 24 గంటల్లో పైన మెరిసి పోయిన నోటిఫికేషన్లన్నీ, తర్వాత తీసేసిన మెసేజ్ మొదటి ముక్కతో సహా, అక్కడ కనిపిస్తాయి. వేధింపు నడుస్తోందని తెలిస్తే ఇవాళే ఆన్ చేసుకోండి.

ఫొటోల గురించి ఒక ముక్క చెప్పాలి. చాట్‌లో వచ్చిన ఫొటోని గ్యాలరీలోంచి చెరిపేసినా, డేటాబేస్‌లో చాలాసార్లు దాని చిన్న మసక బొమ్మ ఒకటి, దాని హ్యాష్ ఒకటి మిగులుతాయి. హ్యాష్ అంటే ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. షా-256 అనే లెక్కకి ఏ ఫైల్ ఇచ్చినా 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది, ఫైల్‌లో ఒక్క చుక్క మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. బాధితురాలి ఫోన్‌లో ఫొటో లేకున్నా దాని వేలిముద్ర ఉండి, అనుమానితుడి ఫోన్‌లో వాట్సాప్ పంపిన ఫొటోల ఫోల్డర్‌లో అదే వేలిముద్ర ఉన్న ఫైల్ దొరికితే, ఆ రెండూ ఒకే ఫైల్ అని చెప్పొచ్చు. అయితే అతని కెమెరా ఫోల్డర్‌లో ఉన్న అసలు ఫొటోకి ఈ ముద్ర సరిపోదు, ఎందుకంటే పంపేటప్పుడు యాప్ దాన్ని కుదిస్తుంది, ఫొటో ఎక్కడ తీశారన్న వివరాలని కూడా వదిలేస్తుంది. ఈ సంగతి తెలియక "ముద్రలు కలవలేదు కాబట్టి ఇతను కాదు" అనుకుంటే అన్యాయమవుతుంది.

అన్ని యాప్‌లూ ఒకలా ఉండవు. టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు వాళ్ళ సర్వర్‌లో ఉంటాయి, 2019 మార్చి నుంచి ఇద్దరి సంభాషణలో ఎవరైనా, ఎదుటివాళ్ళు పంపిన మెసేజ్‌తో సహా, ఎప్పటిదైనా సరే రెండువైపులా చెరిపేయొచ్చు, "తొలగించారు" అన్న ముక్క కూడా మిగలదు. ఇది వేధించేవాళ్ళకి వరం. అక్కడ వేధింపు మొదలైతే ఆలోచించే టైం లేదు, కంప్యూటర్లో టెలిగ్రామ్ తెరిచి చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసేయాలి, అంటే ఒక ఫైల్‌గా బయటికి తీసి పెట్టుకోవాలి. స్నాప్‌చాట్‌లో చాట్‌లు చూశాక పోవడమే మామూలు పద్ధతి, స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్ళకి తెలిసిపోతుంది, వాట్సాప్‌లో ఒక్కసారే కనిపించే ఫొటోలకి 2022 నుంచి స్క్రీన్‌షాటే పడదు. ఇలాంటిచోట ఇంకో ఫోన్‌తో ఆ స్క్రీన్‌ని వీడియో తీయడమే మార్గం. సిగ్నల్ తన డేటాబేస్ మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి తాళంచెవిని ఫోన్ భద్రతా అరలో పెడుతుంది, తెరిచి ఉన్న ఫోన్ చేతిలో లేకుండా దాన్నుంచి ఏదైనా తీయడం బాగా కష్టం.

స్క్రీన్‌షాట్ చాలా?

చాలదు, కానీ లేకపోవడం కంటే వెయ్యి రెట్లు నయం. దాని బలహీనత ఏమిటో చూడండి. నా రెండో నంబరుని నా ఫోన్‌లోనే మీ పేరుతో సేవ్ చేసుకుని, మీ ఫొటో పెట్టి, ఆ నంబరు నుంచి నన్ను నేనే తిట్టుకుని, స్క్రీన్‌షాట్ తీస్తే అది అచ్చం మీరు నన్ను తిట్టినట్టే ఉంటుంది. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు, రెండు నిమిషాల పని. స్క్రీన్ మీద కనిపించే పేరు మనం పెట్టుకున్నది, నంబరు మాత్రం మనం పెట్టింది కాదు. కాబట్టి చాట్ ఫొటోతోపాటు ఆ పేరు మీద నొక్కితే వచ్చే ప్రొఫైల్ పేజీ, నంబరు కనిపించేలా, కచ్చితంగా ఉండాలి. ఇన్‌స్టాగ్రామ్, టెలిగ్రామ్ లాంటి వాటిలో పేర్లు పూటకోసారి మార్చుకోవచ్చు, అందుకే యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింక్ రాసి పెట్టుకోవాలి. లోపల ఖాతాకి మారని ఒక అంకె ఉంటుంది, ఆ లింక్ ముందే చేతిలో ఉంటే దర్యాప్తు చేసేవాళ్ళకి ఆ అంకెదాకా వెళ్ళే పని సులువవుతుంది.

నాకైతే స్క్రీన్‌షాట్ కంటే స్క్రీన్ రికార్డింగ్ మేలనిపిస్తుంది: ఫోన్ సెట్టింగ్స్‌లో తేదీ, టైం చూపించి, యాప్ తెరిచి, ప్రొఫైల్ చూపించి, చాట్ మొదటినుంచి నిదానంగా కిందికి జరుపుతూ, మధ్యలో ఆపకుండా. మనం అన్న మాటలు కూడా అందులో ఉండనివ్వండి. మనం ఒకచోట తిరిగి తిట్టి ఉండొచ్చు, ఆ ముక్క కత్తిరిస్తే పరువు నిలుస్తుందనిపిస్తుంది, కానీ కత్తిరించినట్టు తేలిన రోజున మిగతాదంతా అనుమానంలో పడుతుంది. వేధింపులో ఒక్కో మాట విడిగా చూస్తే చిన్నగానే ఉంటుంది, వరసగా, రోజుల తరబడి, ఎన్నిసార్లు అన్నది చూస్తేనే దాని బరువు తెలుస్తుంది, అందుకే మొత్తం ఉండాలి. వాట్సాప్‌లో చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు కూడా, ఫొటోలతో అయితే చివరి 10,000 మెసేజ్‌లు, ఫొటోలు లేకుండా 40,000 వరకు వస్తాయి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, ఎవరైనా దిద్దగలరు, కాబట్టి తీసిన వెంటనే మీకు మీరే ఈమెయిల్ చేసుకోండి, అప్పటికి అది ఎలా ఉందో తేదీతో సహా నిలిచిపోతుంది. ఫోన్‌ని మాత్రం అలాగే ఉంచండి. ఈ నకళ్ళన్నీ ఫోన్‌లో ఉన్నదాన్ని చూపించే వేళ్ళు మాత్రమే, అసలు ఆధారం ఫోనే.

టైం దగ్గర జరిగే గందరగోళం ఒకటి చూపిస్తాను. వాట్సాప్ ఆండ్రాయిడ్‌లో సమయాన్ని 1970 జనవరి 1 నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయన్న లెక్కలో దాస్తుంది, ఐఫోన్‌లో 2001 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లు అన్న లెక్కలో. ఒకే క్షణం, 2023 నవంబరు 14, గ్రీనిచ్ కాలమానం ప్రకారం రాత్రి 10 గంటల 13 నిమిషాల 20 సెకన్లు, ఆండ్రాయిడ్‌లో 1700000000000 అని ఉంటుంది, ఐఫోన్‌లో 721692800 అని ఉంటుంది. రెండోదాన్ని 1970 లెక్కలో చదివితే ఆ మెసేజ్ 1992 నవంబరులో వచ్చినట్టు తేలుతుంది. అది ఎవరికైనా తప్పని తెలిసిపోతుంది గానీ, కాలమానం తేడాతో వచ్చే కొన్ని గంటల తప్పు ఎవరి కంటా పడదు. "ఆ టైంలో మావాడు పరీక్ష హాల్లో ఉన్నాడు" అన్న వాదన నిలబడేదీ పడిపోయేదీ ఆ కొన్ని గంటల దగ్గరే. మంచి రిపోర్టులో ప్రతి సమయం పక్కన అది ఏ కాలమానమో రాసి ఉంటుంది.

వెతకడంలోనూ ఒక చిక్కుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళు ఒకే తిట్టుని నాలుగైదు రకాలుగా రాస్తారు, మధ్యలో చుక్కలు పెడతారు, అక్షరాల బదులు అంకెలు వాడతారు, సగం బొమ్మలతో చెబుతారు. మీట నొక్కి ఒక మాట వెతికితే ఇవేవీ దొరకవు. కాబట్టి భాష తెలిసిన మనిషి కూర్చుని చదవాల్సిందే. సాఫ్ట్‌వేర్ "ఫలితాలు సున్నా" అన్నంతమాత్రాన వేధింపు లేనట్టు కాదు.

ల్యాబ్‌కి చేరాక ఏం చేస్తారంటే, ముందు ఫోన్‌ని నెట్‌వర్క్ నుంచి విడదీస్తారు, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనో సిగ్నల్ చొరబడని సంచిలోనో పెడతారు. కారణం తేలికే, నెట్ ఉన్నంతసేపూ అవతలివాడు దూరం నుంచి చెరిపేస్తూనే ఉండగలడు. తర్వాత సెలబ్రైట్, మ్యాగ్నెట్ లాంటి సంస్థల పరికరాలతో ఫోన్‌లోని ఫైళ్ళ కాపీ తీసి, ఆ కాపీకి వెంటనే హ్యాష్ లెక్క కట్టి రాసిపెడతారు. ఆరు నెలల తర్వాత ఎవరైనా "మధ్యలో మార్చారు" అంటే మళ్ళీ లెక్క కట్టి చూపిస్తారు. ఫోన్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి ఏ రోజు ఏ గంటకి మారిందో కూడా కాగితం మీద ఉండాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన మొబైల్ ఫోరెన్సిక్స్ మార్గదర్శకాలైనా, 2012లో వచ్చిన ఐఎస్ఓ 27037 ప్రమాణమైనా నొక్కి చెప్పేది ఇదే: ఆధారాన్ని మార్చొద్దు, తప్పక మార్చాల్సి వస్తే ఏం చేశామో రాసిపెట్టాలి.

అనుమానితుడి ఫోన్ దగ్గరికి వస్తే పని పది రెట్లు కష్టం. పాస్‌కోడ్ ఇవ్వకపోవచ్చు. ఆన్ చేశాక ఒక్కసారైనా అన్‌లాక్ చేసిన ఫోన్‌కీ, స్విచాఫ్ అయి మళ్ళీ లేచిన ఫోన్‌కీ చాలా తేడా ఉంది, రెండోదానిలో తాళంచెవులు ఎక్కువభాగం ఇంకా మూసే ఉంటాయి. ఐఫోన్‌లో 2024లో వచ్చిన 18.1 వెర్షన్ నుంచి మూడు రోజులు అన్‌లాక్ చేయకపోతే ఫోన్ తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది కూడా. అందుకే నేను మొదటినుంచీ బాధితుల ఫోన్ గురించే మాట్లాడుతున్నాను. దాని పాస్‌కోడ్ మనకి తెలుసు, తెరిచి ఇచ్చే మనిషి ఇష్టంగా ఇస్తున్నారు, ఎన్‌క్రిప్షన్ అడ్డురాదు. సినిమాల్లో చూపించే పెద్ద పెద్ద యంత్రాలు చేసే పని, ఆ అమ్మాయి డిలీట్ నొక్కకుండా ఉంటే చాలావరకు అవసరమే పడదు.

మెసేజ్ దొరకడం ఒకటి, దాన్ని రాసిన చెయ్యి ఎవరిదో తేల్చడం ఇంకొకటి. ఖాతా అతనిదే, కానీ "నా ఫోన్ ఫ్రెండ్ తీసుకున్నాడు" అంటాడు. అప్పుడు ఆ నిమిషంలో ఫోన్ లాక్ తీసి ఉందా, ఆ యాప్ స్క్రీన్ మీద ఉందా, దానికి ముందూ వెనకా అదే ఫోన్ నుంచి అతని ఇంటివాళ్ళకి మెసేజ్‌లు వెళ్ళాయా అన్నవి చూస్తారు, ఫోన్లు ఈ వాడకం వివరాలని కొంతకాలం దాచుకుంటాయి. దొంగ ఖాతా అయితే కంపెనీని అడగాలి, అది పోలీసుల ద్వారానే జరుగుతుంది. వాట్సాప్ డెలివరీ అయిన మెసేజ్‌లని సర్వర్‌లో ఉంచుకోదు, అందనివాటిని మాత్రం 30 రోజుల వరకు, అవి కూడా తాళం వేసి, ఉంచుతుంది. కాబట్టి అడిగేది మాటల కోసం కాదు, ఖాతా ఎప్పుడు తెరిచారు, ఏ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి వాడారు అన్నవాటి కోసం. ఒకే ఐపీ వెనక వందలమంది ఉండొచ్చు, సరిగ్గా ఏ సెకనులో అన్నది తెలిస్తేనే నెట్ కంపెనీ మనిషిని గుర్తుపట్టగలదు. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటాని పోలీసులు ముందుగా కోరితే అది ఖాతా వివరాలని 90 రోజులపాటు చెరిగిపోకుండా పట్టి ఉంచుతుంది, ఆలోగా చట్టప్రకారం పత్రాలు పంపాలి. నెలల తర్వాత ఫిర్యాదు చేస్తే పోయేవి ఇవే.

యాప్‌లో రిపోర్ట్ చేయడం గురించి భయపడకండి, వాట్సాప్‌లో రిపోర్ట్ చేస్తే ఆ చాట్‌లోని చివరి ఐదు మెసేజ్‌ల వరకు కంపెనీకి వెళ్తాయి, అవతలివాళ్ళకి చెప్పరు. కాకపోతే వరస ముఖ్యం. ముందు రికార్డింగ్, ఎక్స్‌పోర్ట్, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాత బ్లాక్. రిపోర్ట్ నొక్కేటప్పుడు చాట్ కూడా చెరిపేయమంటారా అని అడిగే గడి ఏదైనా టిక్ చేసి ఉందేమో ఒకసారి చూసుకోండి.

"డిలీట్ అయిన మెసేజ్‌లు ఒక్క క్లిక్‌తో తిరిగి తెస్తాం" అనే యాప్‌ల జోలికి అసలు వెళ్ళొద్దు. ఎక్కువభాగం చేసేది, ఇకమీదట వచ్చే నోటిఫికేషన్లని చదివి దాచడం మాత్రమే, అప్పటికే పోయినదాన్ని తేలేవు. దానికోసం మీ ఫోన్‌లోని అన్ని నోటిఫికేషన్లూ, బ్యాంకు ఓటీపీలతో సహా, చదివే అనుమతి అడుగుతాయి. ఇన్‌స్టాల్ చేయడంతోనే ఫోన్‌లో కొత్త రాతలు మొదలవుతాయి. ఎవరో చెప్పారని ఫోన్ రూట్ చేయడం, అంటే కంపెనీ పెట్టిన అడ్డంకులు తీసేసి లోపలి ఫైళ్ళన్నిటికీ దారి తెరవడం, ఇంకా ప్రమాదం, చాలా ఫోన్లలో దాని మొదటి మెట్టుకే డేటా మొత్తం చెరిగిపోతుంది.

ఒక్క విషయంలో మాత్రం పైన చెప్పిన "కాపీ తీసి దాచండి" అన్నది పనికిరాదు. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల నగ్న చిత్రమో, అలా మార్ఫింగ్ చేసినదో అయితే దాన్ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, ఆధారం కోసమే అయినా సరే. చాలా దేశాల్లో దాన్ని దగ్గర ఉంచుకోవడం, పంపడం నేరమే. ఫోన్‌ని అలాగే పోలీసుల చేతికివ్వాలి, లింకులూ ఖాతా పేర్లూ మాత్రం రాసుకోవాలి. ఇలాంటి చిత్రాలు వ్యాపించకుండా ఆపడానికి హ్యాష్ పద్ధతే పనికొస్తుంది: పిల్లల కోసం "టేక్ ఇట్ డౌన్", పెద్దవాళ్ళ కోసం "స్టాప్ ఎన్‌సీఐఐ" అనే ఉచిత సేవలున్నాయి. ఫొటో మన ఫోన్‌లోనే ఉంటుంది, దాని వేలిముద్ర మాత్రమే వాళ్ళకి వెళ్తుంది, వాళ్ళతో కలిసి పనిచేసే ప్లాట్‌ఫామ్‌లు ఆ ముద్రతో సరిపోయేవాటిని గుర్తించి తీసేస్తాయి.

ఇంకొకటి అడగడానికి మొహమాటపడకండి. ఫోన్ ల్యాబ్‌కి ఇస్తే అందులో వేధింపు చాట్ ఒక్కటే ఉండదు, ఆ పిల్ల స్నేహాలు, ఫొటోలు, డాక్టరుతో మాట్లాడినవి, ఎవరికీ చెప్పుకోని రాతలు అన్నీ ఉంటాయి. మొత్తం ఫోన్ కాపీ తీయాలా, ఆ ఒక్క యాప్, ఆ తేదీల మధ్యది చాలా, తీసినదాన్ని ఎవరు చూస్తారు, కేసు అయ్యాక ఏం చేస్తారు అని అడిగే హక్కు మనకుంది. చెరిపేసిన మెసేజ్‌ల కోసం డేటాబేస్ మొత్తం కావాల్సి రావొచ్చు, అదీ నిజమే, కానీ ఎందుకు కావాలో ముందే చెప్పించుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళు చేయగలిగిన పని ఒకటుంది. రికార్డింగ్ తీయడం, చాట్ ఎక్స్‌పోర్ట్ చేయడం, తేదీలవారీగా ఒక కాగితం మీద రాసుకోవడం, ఇవన్నీ చేయాలంటే ఆ మాటలన్నీ మళ్ళీ చదవాలి. ఆ పిల్లతో చదివించకండి. ఫోన్ తీసుకుని, తన ముందే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, "ఇకమీద ఇది నేను చూసుకుంటాను" అని చెప్పి, ఆ గంటసేపు మీరే కూర్చోండి.